యూరియా మొక్కకు తిండి కాదు: బోటనీలో అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను. కొత్త బ్యాచ్ రాగానే నేనడిగే మొదటి ప్రశ్న: మొక్కకు తిండి ఎక్కడిది? కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తడుముకోకుండా రాసిన పిల్లలే "మట్టిలోంచి సార్, వేర్లు గుంజుకుంటయి" అంటారు. వాళ్లను అనేదేముంది, ఇంట్లో పొద్దున లేస్తే వినేది "చేనుకు బలం ఎయ్యాలె" అన్న మాటే.

మిగతా అపోహలు ఒకటో రెండో మార్కులు తింటాయి. ఇది యూరియా బస్తాలు తింటుంది. అందుకే ముందు దీని సంగతి.

మొక్కను పూర్తిగా ఎండబెట్టి తూచితే ఆ బరువులో దాదాపు 95 శాతం కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజనే. అవి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి, నీటి నుంచి వచ్చినవి. నత్రజని, భాస్వరం, పొటాష్‌తో సహా మట్టి ఇచ్చేవన్నీ కలిపినా మిగిలిన ఆ కొంచెమే. వాన్ హెల్మాంట్ అనే ఆయన సుమారు 90 కిలోల ఎండు మట్టిలో విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 75 కిలోలు దాటింది, మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. ఈ లెక్క 1648లోనే అచ్చయింది. అదంతా నీళ్ల మహిమే అనుకున్నాడు పాపం. బొగ్గు కాలితే వచ్చే వాయువును, అంటే ఈ కార్బన్ డయాక్సైడ్‌నే, గుర్తించిన మనిషే, అదే ఆకులోకి పోతోందని మాత్రం ఊహించలేదు.

నమ్మకం కుదరకపోతే ల్యాబ్‌కు రండి. కుండీ మొక్కను రెండు రోజులు చీకట్లో పెట్టి (ఆకులో పాత పిండిపదార్థం ఖాళీ కావాలి కదా; ఈ పని ఎగ్గొట్టి, ఆకంతా నల్లబడిందని మొహం వేలాడేసేవాళ్లే ఎక్కువ), ఒక ఆకుకు నల్లకాగితం పట్టీ క్లిప్పుతో బిగించి ఎండలో ఉంచుతాం. సాయంత్రం ఆ ఆకును ఆల్కహాల్‌లో, అదీ వేడినీళ్ల గిన్నెలో పెట్టి, రంగు పోయేదాకా ఉడికించి అయోడిన్ వేస్తే ఎండ తగిలిన చోటల్లా నీలినలుపు, అంటే అక్కడ ఆకు పిండిపదార్థం తయారుచేసుకుందన్నమాట. కాగితం కింద మాత్రం అయోడిన్ గోధుమరంగే. కుండీ ఒకటే, మట్టి ఒకటే, వేర్లు అవే. తిండి మట్టిదే అయితే ఆ పట్టీ కింద పిండిపదార్థం ఎందుకు లేదు?

మరి యూరియా చల్లితే చేను పచ్చబడుతుంది కదా అంటారు. పచ్చబడుతుంది. అందులో 46 శాతం నత్రజని ఉంది, పత్రహరితానికీ ప్రోటీన్లకూ అది కావాలి. కొరత ఉన్నచోట వేస్తే పంట కోలుకుంటుంది. కొరత లేనిచోట వేస్తేనే తంటా. నర్సంపేట వైపు ఒక స్టూడెంట్ వాళ్ల నాన్న నన్ను చేనుకు తీసుకెళ్లాడు. పత్తి ఛాతీ ఎత్తు పెరిగింది, ఆకులు కారుపచ్చ, కాయలు మాత్రం వెతుక్కోవాలి. ఆకు తిప్పితే కింద పచ్చదోమ. "ఇంకో బస్తా ఏస్తే కాయ పడ్తది గద సార్?" అన్నాడు. నత్రజని ఎక్కువైతే మొక్క కొమ్మా ఆకూ పెంచుకుంటూ పోతుంది, పూత వెనకబడుతుంది, మెత్తటి ఆకుకు రసం పీల్చే పురుగులు ముసురుతాయి. బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు లైన్లో పెట్టి తెల్లారేదాకా కాచుకున్న మనిషికి ఇది చెప్పాలంటే నోరు రాదు. నా కోపం ఆయన మీద కాదు, "ఎంత ఏస్తే అంత పంట" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ల మీద.

ఇక మిగతావి గబగబా. రావి, తులసి రాత్రిళ్లు ఆక్సిజన్ ఇస్తాయనేది ఒట్టి మాట. వెలుగు లేనిదే ఏ మొక్కా ఆక్సిజన్ వదలదు. రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచే కలబంద కూడా కార్బన్ డయాక్సైడ్‌ను తీసి దాచుకుంటుంది, అంతే. పసుపు కొమ్ము వేరు కాదు, కాండం. బతుకమ్మలో పేర్చే బంతి ఒక్క పువ్వు కాదు, బుల్లి పువ్వుల గుంపు.

మొక్కలు రాత్రే శ్వాసిస్తాయన్నదీ తప్పే. పగలూ రాత్రీ, ఆకూ వేరూ అన్నీ శ్వాసిస్తాయి. జూలై ముసురుకు నల్లరేగడిలో నీళ్లు నిలిచి పత్తి వాడి పసుపెక్కిందంటే, అసలు తంటా వేర్లకు ఆక్సిజన్ అందకపోవడం. అప్పుడూ యూరియాకే పరుగెత్తుతారు. ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి.