స్పేస్‌సూట్ లేకుండా దూకితే? ఒక మత్తు డాక్టర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

అంతరిక్షంలో నడిచే టీవీ సిరీస్ ‘ది ఎక్స్‌పాన్స్’ ఐదో సీజన్ ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథ చెప్పేస్తున్నాను. ఏడో ఎపిసోడ్ ‘ఓయెడెంగ్’లో నవోమి నగాటా స్పేస్‌సూట్ లేకుండా ఒక అంతరిక్ష ఓడ నుంచి ఇంకో ఓడకి శూన్యంలో దూకేస్తుంది. ఆసరా అల్లా ఆక్సిజన్ బాగా దట్టించిన రక్తం ఇంజెక్షన్ ఒక్కటే. ఆపడానికి వెంటపడ్డ ఆమె పాత స్నేహితుడు సిన్ ప్రాణం పోతుంది. మా బావమరిది రిమోట్ నొక్కి ఆపేశాడు. “ఇదంతా సొల్లు కదా బావా? మనిషి పేలిపోవాలిగా!”

నేను మత్తు డాక్టర్ని. మనుషుల ఊపిరి ఆపి, మళ్లీ అందించడమే నా రోజువారీ పని. ఆ రాత్రి ఎపిసోడ్ కంటే మా వాదనే ఎక్కువసేపు నడిచింది.

అపోహ: శూన్యంలో మనిషి బెలూన్‌లా పేలిపోతాడు.

పేలడు, ఉబ్బుతాడు. మన చర్మం అంత తేలిగ్గా చిరగదు. 1960 ఆగస్టులో అమెరికా వైమానిక దళం పైలట్ జో కిటింగర్ బెలూన్‌లో దాదాపు 31 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తుంటే కుడిచేతి గ్లోవులో పీడనం నిలవలేదు. చెయ్యి వాచిపోయి పనికిరాకుండా అయింది. చెబితే ప్రయోగం ఆపేస్తారని కింద ఉన్నవాళ్లకి వెంటనే చెప్పలేదు. (మా పేషెంట్లూ అంతే. ఆపరేషన్ వాయిదా పడుతుందని పొద్దున తిన్న ఇడ్లీ సంగతి దాచేస్తారు.) కిందికి దూకాక కొన్ని గంటల్లో చెయ్యి మామూలైంది.

అపోహ: రక్తం సలసలా మరిగిపోతుంది.

ఇది సగం నిజం. పీడనం తగ్గేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 19 కిలోమీటర్ల ఎత్తు దాటితే మన ఒంటి వేడి, అంటే 37 డిగ్రీలు, సరిపోతుంది. 1960ల్లో హ్యూస్టన్‌లోని నాసా వాక్యూమ్ చాంబర్‌లో జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్ సూట్ గొట్టం ఊడిపోయింది. దాదాపు 14 సెకన్లలో స్పృహ తప్పాడు. ఆయనకి గుర్తున్న చివరి సంగతి, నాలుక మీద ఉమ్మి బుడబుడమనడం. వెంటనే గాలి నింపారు, బతికాడు. రక్తం విషయానికొస్తే, ధమనుల్లో ఒత్తిడి కుక్కర్ మూతలా దాన్ని అదిమి ఉంచుతుంది. సిరల్లో ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ ఆవిరి పుడుతుంది. అది గుండెలో చేరితే రక్తం ముందుకు కదలదు.

క్షణాల్లో గడ్డకట్టుకుపోతాడన్నదీ తప్పే. థర్మాస్ ఫ్లాస్క్‌లో టీ వేడిగా ఉండేది గోడల మధ్య గాలి లేకపోవడం వల్లేగా! కళ్లు, నోరు తడి ఆరి చల్లబడతాయి, అంతే.

అపోహ: గట్టిగా ఊపిరి బిగబట్టి దూకాలి.

అస్సలు వద్దు. బయట పీడనం లేనప్పుడు లోపలి గాలి ఒక్కసారిగా వ్యాకోచించి ఊపిరితిత్తుల్ని చీల్చేస్తుంది. నోరు తెరిచి గాలి వదిలేయాలి.

ఇక అసలు విషయం, ఆ ఇంజెక్షన్. మా వాడికి బాగా నచ్చింది అదే. ఒక లెక్క చెప్పాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో శాచురేషన్, అంటే ఆక్సిజన్ ఎంత శాతం నిండిందనే లెక్క, ఎలాగూ 97, 98 ఉంటుంది. 100 మిల్లీలీటర్ల రక్తం మోసేది దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్. ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంటికి నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. 20 మిల్లీలీటర్ల సిరంజి నిండా మంచి రక్తం ఎక్కించినా వచ్చేది ఒక్క సెకను ఖర్చు.

“అది భవిష్యత్తు రక్తం బావా, చిక్కగా ఉంటుంది” అన్నాడు. సరే, ఆ ఆలోచన మరీ గాల్లో మేడ కాదు. 2012లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో జాన్ ఖైర్ బృందం ఆక్సిజన్ నింపిన కొవ్వు రేణువుల్ని కుందేళ్లకు ఎక్కించింది. గొంతు పూర్తిగా మూసేసినా అవి 15 నిమిషాల దాకా బతికాయి. కానీ వాటికి గాలి అందలేదంతే, అవి ఉన్నది శూన్యంలో కాదు. శూన్యంలో ఊపిరితిత్తి తిరగబడి పనిచేస్తుంది. లోపలికి తీసుకోవాల్సిన చోట రక్తంలోని ఆక్సిజన్‌ని బయటికి తోడేస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. అలా ఖాళీ అయిన రక్తం మెదడుకి చేరడానికి పది సెకన్లు చాలు. చేతి నరంలోకి ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఎక్కిస్తూ అంకెలు లెక్కపెట్టమంటే పేషెంట్ గొంతు ఎక్కడ జారిపోతుందో నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

1971 జూన్ 30న సోవియట్ అంతరిక్ష నౌక సోయుజ్ 11 దిగుతుండగా వాల్వ్ తెరుచుకుని క్యాబిన్ గాలి పోయింది. దొబ్రొవోల్‌స్కీ, వోల్కొవ్, పత్సాయెవ్ ముగ్గురికీ సూట్లు లేవు. ఇరుకు క్యాబిన్‌లో ముగ్గురు సూట్లతో పట్టరు. నేల మీద తలుపు తీసినవాళ్లు కృత్రిమ శ్వాస ఇచ్చి చూశారు, లాభం లేకపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఇద్దరినే, సూట్లు వేసి పంపారు.

మా వాడు ఇంకా ఒప్పుకోలేదు. నా బ్యాగులోంచి పల్స్ ఆక్సీమీటర్ తీసి వేలికి తగిలించుకుని ముక్కు మూసుకున్నాడు. యాభై సెకన్లయ్యేసరికి మొహం కందిపోయింది, అంకె మాత్రం 98 దగ్గర కదల్లేదు. “చూశావా!”

“నీ ఊపిరితిత్తుల్లో రెండు మూడు లీటర్ల గాలి స్టాకుంది రా. మేం మత్తుకి ముందు మూడు నిమిషాలు మాస్క్ పెట్టి నింపేది అక్కడే. నవోమికి తలుపు తెరుచుకోగానే ఆ గోడౌనే ఖాళీ అయిపోయింది.”

కాసేపు వేలు చూసుకున్నాడు. “అయితే ఆ ఓడ ఎంత దగ్గరుంటే బతుకుతుంది?”

“పది సెకన్లలో తలుపు దగ్గరుండాలి. నిమిషం లోపల గాలి నిండాలి.”

రిమోట్ తీసుకుని సీన్ వెనక్కి తిప్పాడు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని.