కోడి వ్యర్థాల నుంచి యాంటీఆక్సిడెంట్లు: ఈ ఆలోచన ఎలా వచ్చింది?

కోడి బరువులో దాదాపు మూడో వంతు మన పళ్లెంలోకి రాదు. తిరుపతి, చిత్తూరు చికెన్ సెంటర్లలో రోజూ మిగిలే ఈకలు, తలకాయలు, పేగులు కొంత ఊరి బయట గుంతల్లో పడుతున్నాయి. రాష్ట్రంలో కొన్నిచోట్ల దొంగచాటుగా చేపల చెరువులకూ చేరుతున్నాయి. ఇంత ప్రోటీన్ ఇలా కుళ్లిపోవడం నిజంగా బాధాకరం. దాని నుంచి యాంటీఆక్సిడెంట్లు, అంటే కొవ్వు గాలి తగిలి పాడవకుండా ఆపే పదార్థాలు, తీయొచ్చన్నదే ఈ ఆలోచన.

ఈకలో దాదాపు 90 శాతం కెరాటిన్ అనే ప్రోటీనే. గంధకపు బంధాలు దాన్ని బిగించి పెడతాయి కాబట్టి కోడికీ చేపకీ అది అరగదు. అందుకే ఆవిరితో, ప్రెజర్‌లో ఉడికించి, పొడి కొట్టి దాణాలో కలపడం మొదలైంది. ఆ వేడికి కొన్ని అమైనో ఆమ్లాలు పాడవుతాయి. 1990లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో జాసన్ షీ బృందం ఈకల్ని కరిగించే బ్యాక్టీరియాను వెల్లడించింది. అది దొరికింది కోళ్ల వ్యర్థాల్ని కుళ్లబెట్టి గ్యాస్ తీసే డైజెస్టర్‌లోనే! అలా వేడికి బదులు, ప్రోటీన్‌ను తెంచే ఎంజైమ్‌లను వాడే దారి బలపడింది.

ఈలోపు బ్రిటన్‌లో 1986లో పిచ్చి ఆవు వ్యాధి బయటపడింది. జంతు అవశేషాలు కలిపిన దాణా ద్వారా అది పాకింది. అందుకే యూరప్ 2001లో పశువుల దాణాలో జంతు ప్రోటీన్లను దాదాపుగా ఆపేసింది. 2013లో కోళ్ల ప్రోటీన్‌ను చేపలకు, 2021లో పందులకు అనుమతించింది. కోడి ప్రోటీన్‌ను కోడికే పెట్టడం మాత్రం అక్కడ ఇప్పటికీ నిషేధమే. ఈ జాగ్రత్త మనకూ అవసరం.

యాంటీఆక్సిడెంట్ సంగతికొస్తే, దాణాలోని కొవ్వు గాలి తగిలి పాడవుతుంది. దాన్ని ఆపడానికి దశాబ్దాలుగా ఎథాక్సీక్విన్ అనే కృత్రిమ రసాయనం వాడారు. 2017లో యూరప్ దాని అనుమతిని నిలిపేయడంతో ప్రత్యామ్నాయాల వేట జోరందుకుంది. ఈకలు కాకుండా తలకాయలు, పేగుల్లాంటి వ్యర్థాల్ని రుబ్బి, నీళ్లు కలిపి, 50–60 డిగ్రీల వేడిలో బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ లాంటి ఎంజైమ్ వేస్తే, కొన్ని గంటల్లో ప్రోటీన్ చిన్న పెప్టైడ్లుగా తెగిపోతుంది. అదే హైడ్రోలైసేట్. హిస్టిడిన్, టైరోసిన్ ఉన్న పెప్టైడ్లు కొవ్వును పాడుచేసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులను శాంతింపజేస్తాయి, ఆ పనిని వేగవంతం చేసే ఇనుమును పట్టేస్తాయి.

అయితే రుజువుల్లో ఎక్కువ భాగం ల్యాబ్ పరీక్షలవే. పశువుల్లో, చేపల్లో ఫలితాలు ఒకేలా రావడం లేదు. మనుషులకు మందు అని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు.

మన ఎండకు వ్యర్థాలు మధ్యాహ్నానికే చెడిపోతాయి, వాటిలోని కొవ్వు అప్పటికే ఆక్సీకరణం చెంది ఉంటుంది. కాబట్టి ముందు కార్పొరేషన్లు వాటిని ఉదయమే, చల్లటి బండ్లలో సేకరించాలి. 1955లో మొదలైన పశువైద్య కళాశాల, దాని చుట్టూ 2005లో ఏర్పడిన విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉన్నాయి. ఆ సరుకును పరీక్షించే పని అక్కడ మొదలుపెట్టొచ్చు.