యాడికి పోయొచ్చినావు నాయనా?

మా పెద్ద డాక్టరు గారు జ్వరమని వచ్చినవాళ్లను నాడి పట్టకముందే అడిగేవారు: "యాడికి పోయొచ్చినావు నాయనా?" అనంతపురంలో పాతికేళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్న నాకు, ఏ పరీక్షకూ తీసిపోని ప్రశ్న అది.

కళ్యాణదుర్గం వైపు కుర్రవాడొకడిని ఆ ప్రశ్న ఐదు రోజులు ఎవరూ అడగలేదు. ఒడిశాలోని మల్కన్‌గిరిలో రోడ్డు పని చేసి తిరిగొచ్చిన పది రోజులకు చలిజ్వరం. ప్లేట్‌లెట్లు తగ్గాయని ఒకచోట డెంగీ అన్నారు, విడాల్ పరీక్ష చూసి ఇంకోచోట టైఫాయిడ్ అన్నారు. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆరో రోజు కళ్లు పచ్చబడి మాట తడబడితే, గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. మా దగ్గరికి తెచ్చేసరికి తల్లి పిలిచినా పలకడం లేదు.

స్లైడు నేనే చూశాను. లేత గులాబీ రంగు ఎర్రకణాల్లో సన్నని నీలి ఉంగరాలు, ఒక్కో ఉంగరానికి కెంపు పొదిగినట్టు ఎర్రచుక్క. కొన్ని కణాల్లో రెండేసి. ఫాల్సిపారం, మలేరియాలో ప్రాణం తీసే రకం.

కానీ స్లైడులో కనిపించేవి ఎక్కువగా లేత పరాన్నజీవులే. ఎర్రకణంలో వీటి జీవితం 48 గంటలు. సగం గడవకముందే కణం పైన చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. వాటి మీది జిగురు ప్రోటీన్‌తో ఆ కణం సన్నని రక్తనాళాల గోడకు అంటుకుపోతుంది. రక్తంతో పాటు తిరిగితే ప్లీహం వడకట్టేస్తుంది కదా, దాన్ని తప్పించుకునే ఎత్తు ఇది. మెదడు నాళాల్లో అలా కిక్కిరిస్తే ఫిట్స్, స్పృహ తప్పడం. మూత్రపిండాలూ దెబ్బతింటాయి. వేలికొన రక్తంలో కొన్నే కనబడ్డా లోపల ఎన్ని దాగాయో తెలియదు. అందుకే మొదటి స్లైడులో ఏమీ లేకపోయినా, అనుమానం ఉంటే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ చూడాలి.

మలేరియా ఉండే ఆ మల్కన్‌గిరి కొండల్లోనే పుట్టి, ఏళ్ల తరబడి దోమకాట్లు తిన్న పెద్దవాళ్ల ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. వాళ్లయినా ఊరు విడిచి కొన్నేళ్లుంటే అది సన్నగిల్లుతుంది. మన మెట్టసీమ కుర్రవాడికి అది మొదలే లేదు.

డాక్టరు గారు ముందు చక్కెర చూడమన్నారు. 38, చాలా తక్కువ. గ్లూకోజు ఎక్కించి, మలేరియాకు ఆర్టిసునేట్ సూది వేశారు. 12 గంటలకు, 24 గంటలకు మళ్లీ. ఈ మందుకు మూలమైన మొక్క మన వినాయక చవితి మాచిపత్రికి దగ్గరి చుట్టం. అందులోని ఆర్టెమిసినిన్‌ను వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. తీవ్రమైన మలేరియా రోగుల మీద జరిగిన, మన దేశమూ పాలుపంచుకున్న ఆసియా అధ్యయనంలో, పాత మందు క్వినైన్ తీసుకున్నవాళ్లలో నూటికి 22 మంది చనిపోతే ఆర్టిసునేట్ తీసుకున్నవాళ్లలో 15 మంది. 2005లో ఈ లెక్కలు వెలువడ్డాయి.

మూడో రోజు కుర్రవాడు "మ్మా, నీళ్లు" అన్నాడు. ఈ సూది తర్వాత వారాలకు కూడా ఎర్రకణాలు చితికి రక్తం తగ్గవచ్చు. అందుకని నాలుగు వారాలు, వారానికోసారి రమ్మన్నాం. నాలుగుసార్లూ తల్లే వెంటబెట్టుకుని వచ్చింది.