గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయన

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

పోయిన వారం మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫోటో వచ్చింది. ఏదో బడి గేటు దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన. కింద ‘పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు, జాగ్రత్త’ అని రాసి ఉంది. ఎక్కడ తీశారో, ఎవరు తీశారో లేదు. పది నిమిషాల్లో ఇరవై మంది మండిపడ్డారు. ‘దొరికితే వదలకూడదు’ అన్నవారిలో, మెట్ల మీద కనబడితే నా చేతి సంచి అందుకుని మోసే మంచివాళ్లు కూడా ఉన్నారు. నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే.

2018 మే నెలలో మన చాంద్రాయణగుట్టలోనే, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు నమ్మి, గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపింది. ఆ ఏడాది దేశంలో పలుచోట్ల ఇలాంటి ఘోరాలు జరిగాకే, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో పరిమితి పెట్టింది.

మంచివాళ్లు గుంపులో ఎందుకు మారిపోతారు? 1950లలో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులకు గీతలు చూపించి, ఏవి సమానమో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే ప్రశ్న. కానీ గదిలో ఒక్కరు తప్ప అందరూ ఆయన మనుషులే. కావాలనే తప్పు చెప్పేవారు. నిజం కళ్లెదుటే ఉన్నా, ఆ ఒంటరి విద్యార్థుల్లో దాదాపు నలుగురికి ముగ్గురు ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. నలుగురితో నారాయణ, గుంపులో గోవింద అని మన పెద్దలు అన్నది ఇదే. ఫోనులో పోస్టు కింద కనిపించే లైకుల లెక్క కూడా మనకంటే ముందు జవాబు చెప్పేసిన ఆ గదిలాంటిదే. పైగా ఫోనులో ఎదుటి మనిషి ముఖం కనబడదు, ఏడుపు వినబడదు.

ఆష్ ప్రయోగంలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. గదిలో మరొక్కరు నిజం చెప్పినప్పుడు, తప్పుకు తలూపడం బాగా తగ్గిపోయింది. ఒకే ఒక్కరు!

అందుకే గ్రూపులో అడిగాను: ‘ఈ ఫోటో ఎక్కడిది? పోలీసులకు ఎవరైనా చెప్పారా?’ చాలాసేపు ఎవరూ పలకలేదు. తరువాత మూడో అంతస్తు టీచరమ్మ ‘నాకూ అదే సందేహం’ అని రాశారు. ఆ వెంటనే ఇంకో ఇద్దరు. రాత్రికి పంపినవారే ఆ ఫోటో తీసేశారు.

ఆ పెద్దాయన ఎవరో నాకు తెలియదు. మనవరాలి కోసం ఎదురుచూస్తున్న తాత కావచ్చు. బడి వదిలే వేళకు నేనూ మీ కోసం అలాగే నిలబడేవాడిని.

మీ తాతయ్య