తోటలో కుంట గురించి తాత ఉత్తరం

చిన్నోడికీ, పాపకూ తాత ఆశీస్సులు.

మామిడితోటలో కుంట తవ్విస్తున్నామని మీ నాన్న చెప్పే ఉంటాడు. మన చిత్తూరు వైపు వానే దిక్కు. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం పట్టిందంటే కుండపోతగా కురిసి, నీళ్లన్నీ వంకల్లో పోతాయి. ఏప్రిల్‌లో కాయ ఊరే వేళకు బోరు ఆగి ఆగి పోస్తుంది. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున మీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే లక్ష లీటర్లు. ఎన్ని చెట్లు బతుకుతాయో చూడండి!

గోడలు నిట్టనిలువుగా తవ్వితే మన ఎర్రమట్టి తడిసి జారిపోతుంది. అందుకే మీటరు లోతుకు మీటరున్నర చొప్పున వాలు ఇస్తున్నాం. తవ్విన మట్టిని అంచునే పోయకుండా, మీటరు జాగా వదిలి కట్ట వేస్తున్నాం. కట్ట కింద గడ్డీ వేర్లూ గీకేసి, జానెడు మందాన మట్టి పరిచి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాకే పై వరుస. మట్టిని పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, వేళ్లకు అంటకూడదు. తడి సరిపోయిందనడానికి అదే గుర్తు. కట్ట మీద గడ్డి చాలు, చెట్లు వద్దు. వేరు కుళ్లిన చోట నీళ్లు దారి చేసుకుంటాయి.

మొరవ మాత్రం తప్పనిసరి. కుంట నిండాక మిగులు నీళ్లు పోయే దారి అది. కట్ట కంటే రెండడుగులు కిందికి పెట్టి, రాళ్లు పరిపిస్తున్నా. నీళ్లు కట్ట మీదుగా పొర్లితే మట్టి కోసుకుపోయి కట్ట తెగుతుంది. 2021 నవంబర్‌లో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టలోంచి నీళ్లు కారుతుంటే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మనది చిన్న కుంటే, కానీ దాని కింద పక్కవాళ్ల పశువుల కొట్టం ఉంది.

ఇక మీరు జాగ్రత్తగా చదవాల్సింది ఇది. గరుసు నేలలో నీళ్లు ఇంకిపోతాయని అడుగున ప్లాస్టిక్ షీటు పరుస్తున్నాం. పాచి పట్టిందంటే దాని మీద కాలు నిలవదు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా పైకి ఎక్కలేక మునిగిపోతారు. అందుకే నాలుగు వైపులా ముడులు వేసిన మోకులు అడుగుదాకా వేలాడదీస్తాం. చుట్టూ కంచె, గేటుకు తాళం. కంచె తర్వాత చూద్దామని మేస్త్రి అంటే నేను ఒప్పుకోలేదు. కంచె పూర్తయ్యాకే కుంటలోకి నీళ్లు వదిలేది.

ఎవరైనా పడితే మీరు దూకొద్దు. గట్టిగా కేకలు వేయండి. గట్టు మీద బోర్లా పడుకొని మోకో, పంచో, పొడుగు కట్టో అందించండి. నిలబడి లాగితే మీరూ లోపలికి పోతారు.

సంక్రాంతికి వచ్చినప్పుడు తాళంచెవి జేజి దగ్గర ఉంటుంది. మాలో ఒకరు తోడు లేకుండా గేటు దాటొద్దు నాయనా.

మీ తాత