యువత మధ్య పెంతెకోస్తు కాపరి పని: అపోహలు - వాస్తవాలు

తెనాలిలో పెంతెకోస్తు అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక చిన్న సంఘానికి కాపరిని, అంటే పాస్టరుని. నా సమయంలో ఎక్కువ భాగం ఇంటర్, డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలతోనే గడుస్తుంది. మా పని గురించి బయటివాళ్లకే కాదు, సంఘంలో పెద్దలకూ, కొన్నిసార్లు ఆ పిల్లలకూ తప్పుడు అభిప్రాయాలున్నాయి. వాటివల్ల నష్టపోయేది పిల్లలే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పెంతెకోస్తు వాళ్లు మందులు మానేయమంటారు.

అలా చెప్పేవాళ్లు అసలు లేరని అనలేను. స్వస్థత కూటం నుంచి ఇంటికెళ్లి షుగర్ బిళ్లలు పక్కన పెట్టేసిన వాళ్లను చూశాను. మేము రోగుల మీద చేతులుంచి ప్రార్థిస్తాం, దేవుడు బాగుచేస్తాడని మనస్ఫూర్తిగా నమ్ముతాం. కానీ బైబిల్లో అపొస్తలుడైన పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడు. కొలస్సీయులకు రాసిన పత్రికలో పౌలే ఆ మాట చెప్పాడు. కడుపు జబ్బుతో తరచూ బాధపడే తిమోతికి, అతను యువకుడే, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చింది కూడా పౌలే. ఆ కాలంలో అది మందు.

మా యూత్‌లో ఫిట్స్ వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకుని ఆటోలో మందిరానికి తెచ్చారు. అక్కడ మళ్లీ వచ్చింది. ఒకరు చేతిలో తాళాలు కుక్కుతున్నారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా పెట్టబోతున్నారు. రెండూ చేయకూడదు. చుట్టూ ఉన్నవాళ్లను జరగమని, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, టైమ్ చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఆ రోజు ప్రార్థన చేశాం, మర్నాడు గుంటూరు ప్రభుత్వాసుపత్రికి (జీజీహెచ్) తీసుకెళ్లాం. ఇప్పుడు రోజూ బిళ్ల వేసుకుంటాడు, ఆదివారం ఆరాధనలో రిథమ్ ప్యాడ్స్ వాయిస్తాడు. దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెబుతాడు. ఆ సాక్ష్యంలో డాక్టరుగారి మాట కూడా చెప్పమన్నాను, చెబుతున్నాడు.

మనసుకు వచ్చే జబ్బుల విషయంలో ఈ అపోహ ఇంకా ప్రమాదం. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో నా ఫోన్ రాత్రి కూడా ఆన్‌లోనే ఉంటుంది. నిద్రపట్టడం లేదు, బతకాలని లేదు అన్న పిల్లకి "విశ్వాసం తక్కువైంది, ఉపవాసం ఉండు" అని చెప్పడం పాపం. నేను అంత గట్టిగానే అంటాను. పక్కన కూర్చోవాలి, ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తీసేయించాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మాది పొలాల ప్రాంతం, ఆ డబ్బా ప్రతి ఇంట్లో చేతికందే చోటే ఉంటుంది. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416. 2022లో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మా మందిరం గోడ మీద వాక్యం పక్కనే ఆ నంబరు రాయించాను.

అపోహ: పాస్టరుగారికి చెబితే ఇంట్లో తెలిసిపోతుంది.

పిల్లలు నోరు విప్పకపోవడానికి అసలు కారణం ఈ భయమే. ఒక తల్లి వచ్చి "అయ్యగారూ, మావాడు మీతో ఏం చెప్పాడు?" అని అడుగుతుంది. "వాణ్ణే అడగండమ్మా, కావాలంటే నేను పక్కన కూర్చుంటాను" అంటాను. చాలామంది తల్లులకు మొదట కోపం వస్తుంది. కొన్నాళ్లకు వాళ్లే పిల్లల్ని పంపుతారు. విన్న సంగతిని పేరు తీసేసి ప్రసంగంలో వాడినా అది నమ్మకద్రోహమే. మన ఊళ్లలో పేరు చెప్పకపోయినా ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది.

కానీ రెండు సందర్భాల్లో దాచను. ఆ మాట ముందే చెప్పేస్తాను. ఒకటి, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు. రెండోది, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినప్పుడు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంఘం పరువు పోతుందని పెద్దలు కూర్చుని సర్దుబాటు చేసే అధికారం ఎవరికీ లేదు. తప్పు చేసినవాడు సంఘ పెద్ద అయినా, సాటి పాస్టరే అయినా అంతే. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

గంజాయి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కేసు పెడతారన్న భయంతో తల్లిదండ్రులు దాచిపెడతారు, ఈలోపు అలవాటు ముదురుతుంది. మత్తుమందుల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. అలవాటు పడినవాడు కొద్ది మొత్తంతో పట్టుబడినా, తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చి అది పూర్తి చేస్తే, శిక్ష నుంచి రక్షణ ఇస్తుంది. మన రాష్ట్రంలో గంజాయి, డ్రగ్స్‌ను అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల టోల్ ఫ్రీ నంబరు 1972.

అపోహ: అన్యభాషలు మాట్లాడనివాళ్లకి పరిశుద్ధాత్మ లేదు.

ఇది మావాళ్లలోనే ఉన్నది. అన్యభాషలంటే ఆత్మ ప్రేరణతో ప్రార్థనలో తాము నేర్చుకోని భాషలో పలకడం. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సీమోర్ ఆధ్వర్యంలో జరిగిన ఉజ్జీవం నుంచే పెంతెకోస్తు ఉద్యమం లోకమంతా పాకిందని చెబుతారు. దానికి ఏడాది ముందే, 1905లో, మన దేశంలో పండిత రమాబాయి మహారాష్ట్రలో నడిపిన ముక్తి మిషన్ అనే ఆశ్రమంలో అలాంటి ఉజ్జీవమే వచ్చి ఆడపిల్లలు కన్నీళ్లతో ప్రార్థించారు. అన్యభాషలు మా నమ్మకంలో ముఖ్యమైన భాగం. ఆత్మ బాప్తిస్మానికి అవే తొలి గుర్తు అని చాలా పెంతెకోస్తు సంఘాలు బోధిస్తాయి. నేనూ ఆ బోధలోనే పెరిగాను, ఆ వరం కోసం ఇప్పటికీ ప్రార్థిస్తాను, ప్రార్థించమంటాను. కానీ రాత్రి రెండింటికి ఆల్ నైట్ ప్రేయర్‌లో ఒక అమ్మాయి చుట్టూ పదిమంది చేరి "నోరు తెరువు, తెరువు" అని తొందరపెట్టడం ఆత్మ కార్యం కాదు. ఆ అమ్మాయి భయపడి ఏదో పలుకుతుంది, తర్వాత తాను అబద్ధమాడానని కుమిలిపోతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు క్రమం చెప్పాడు: ఇద్దరు, మించితే ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాళ్లు లేకపోతే మౌనం. మా సంఘంలో అదే పాటిస్తాం.

అపోహ: డ్రమ్స్, కీబోర్డు, లైట్లు ఉంటే యూత్ నిలబడతారు.

వస్తారు. ఉండరు. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో ఉంది: త్రోయ అనే ఊళ్లో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రలోకి జారి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగి ఆ కుర్రాణ్ణి కౌగిలించుకున్నాడు. యువత మధ్య పనిచేసే ప్రతి కాపరీ ఆ అధ్యాయం మళ్లీ మళ్లీ చదవాలి. మా పిల్లల్లో చాలామంది పొద్దున్నే రైలెక్కి గుంటూరు, విజయవాడ కాలేజీలకు వెళ్తారు. కొందరు సెలవుల్లో దుగ్గిరాల పసుపు కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు మోస్తారు. వాళ్లకి గంటన్నర ప్రసంగం కంటే, రాత్రి రైలు దిగేసరికి స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కనిపించే మనిషి ఎక్కువ అవసరం.

అపోహ: పారిపోయి వచ్చిన జంటకు పాస్టరు పెళ్లి చేసేస్తాడు.

చేయకూడదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న పాస్టరే చేయాలి, అదీ ఇద్దరిలో ఒకరైనా క్రైస్తవులైతేనే. అబ్బాయికి ఇరవై ఒకటి, అమ్మాయికి పద్దెనిమిది నిండాలి. మామూలుగా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే జరగాలి. రాత్రి తలుపు కొట్టినవాళ్లకి అన్నం పెడతాం, పాస్టరమ్మగారు అమ్మాయిని తన దగ్గర పడుకోబెడుతుంది, పొద్దున వాళ్ల ఇష్టం తెలుసుకుని మాట్లాడతాం. మేజర్లయితే చట్టం చూపించే దారి చెబుతాం.

అపోహ: అందరికీ ఫారిన్ డబ్బు వస్తుంది.

విదేశీ విరాళానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మాలాంటి చిన్న సంఘాలకు ఉండేది విశ్వాసుల కానుకలు, దశమభాగాలు (ఆదాయంలో పదో వంతు), పాస్టరమ్మగారి కుట్టుమిషను.

అపోహ: చదువైపోగానే హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోతారు, వీళ్ల మీద పెట్టిన కష్టం వృథా.

ఈ మాట పెద్దల నోట ఎక్కువ వింటాను. ఉద్యోగం అక్కడుంటే అక్కడికే వెళ్లాలి. ఆపి ఉంచడం నా పని కాదు. వెళ్లేముందు ఆ ఊళ్లో ఒక సంఘం అడ్రసు, తెలిసిన ఒక కుటుంబం నంబరు ఇస్తాను, మొదటి నెల వారానికోసారి ఫోన్ చేస్తాను. ఇక్కడున్నన్నాళ్లూ మాత్రం వాళ్లకి నిజమైన బాధ్యత ఇవ్వండి. కుర్చీలు సర్దడం, మైకు పట్టుకోవడం కాదు, కానుకల లెక్కల పుస్తకం ఇవ్వండి. మా దగ్గర ఇద్దరు డిగ్రీ పిల్లలు రాస్తారు, నెలాఖరున సంఘం ముందు చదివి వినిపిస్తారు. తేడా వస్తే నన్నే అడుగుతారు.