గ్రంథాలయ సంఘం అంటే జీతాల సంఘమేనా? అపోహలు - వాస్తవాలు

విజయవాడలో గ్రంథాలయ సంఘం సభ్యులమని చెబితే చాలామంది వెంటనే "పీఆర్సీ కోసమా అండీ?" అని అడుగుతారు.

అపోహ: ఇది ఉద్యోగుల యూనియన్.

వాస్తవం: ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్ 10న ఇదే బెజవాడలో, రామమోహన గ్రంథాలయం పూనుకుని జరిపిన సభలో పుట్టింది. ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు, వెనక నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. జీతం తీసుకునే లైబ్రేరియన్లు అప్పుడు ఊళ్లలో ఎక్కడున్నారు? చందాలు పోగుచేసి పఠనాలయాలు నడుపుకునేవాళ్ల సంఘం అది. దేశం మొత్తానికి భారతీయ గ్రంథాలయ సంఘం (ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్) వచ్చింది 1933లో! జీతాలు అడగడం తప్పని కాదు, దానికి వేరే సంఘాలున్నాయి.

అపోహ: డిగ్రీ ఉన్న లైబ్రేరియన్లకే ఇందులో పని.

వాస్తవం: పుస్తకం దొరకడం, దొరకకపోవడం చాలావరకు అటెండర్ చేతిలో ఉంటుంది. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు కవిత్వం 894.8271, నవల 894.8273. తిరిగొచ్చిన పుస్తకాలు సర్దేటప్పుడు ఆ చివరి అంకె సరిగా చూడకపోతే నవల వెళ్లి కవిత్వంలో కూర్చుంటుంది. రిజిస్టర్‌లో ఉంటుంది, బీరువాలో కనపడదు. పాఠకుడికి మాత్రం పోయినట్టే లెక్క.

చాలా శాఖా గ్రంథాలయాల్లో ఉండేది ఒక్కరే. తాళం తీయాలి, పేపర్లు పరవాలి, పుస్తకాలు ఇవ్వాలి, మళ్లీ స్టాకు లెక్క చూపాలి. చిరిగిన పుస్తకాన్ని రిజిస్టర్‌లో కొట్టేయాలంటే ఎవరి సంతకం కావాలి? ఇలాంటి డౌటు వస్తే అడగడానికి పక్కన మనిషుండడు. సంఘం ఉండాల్సింది అందుకే అని నా అభిప్రాయం.

అపోహ: సెల్‌ఫోన్లు వచ్చాక లైబ్రరీకి ఎవరొస్తారు?

వాస్తవం: గ్రూప్స్, డీఎస్సీ నోటిఫికేషన్ పడ్డ వారం వచ్చి చూడండి, కుర్చీ దొరికితే అదృష్టం.

అపోహ: మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది, మన డబ్బేం లేదు.

వాస్తవం: 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మున్సిపాలిటీ, పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జమ ఆలస్యమైతే ముందు ఆగేది కొత్త పుస్తకాల కొనుగోలే. ఈసారి పన్ను కట్టినప్పుడు రసీదులో ఆ పద్దు చూసుకోండి. తర్వాత మీ శాఖకు వెళ్లి కొత్త పుస్తకాలు ఎప్పుడొచ్చాయో అడగండి. లైబ్రేరియన్ ఏమీ అనుకోరు, నిజానికి సంతోషిస్తారు.